ఇసుక తొట్టి మీది పొర

నౌపడ, 12-8-68

సరోజ పోయిన మైల ఈ రోజుతో తీరింది. నా తోడబుట్టిన అప్ప పాత కుండలు పారేసి ఇల్లంతా కడిగింది. వాననీళ్లు వడకట్టే తొట్టినీ వదల్లేదు. ఇసుక మీది జిగురు పొరను గీకేసి, ఇసుక కడిగి ఎండబెట్టింది.

"ఇదేటిరా, ఇంత పాసి! మరదలు నీకు ఈ నీళ్లేనేటి పోసేది?"

"నీళ్లను బాగుచేసేది ఆ పొరే అప్పా."

"ముందే సెప్పొచ్చు కదరా!"

పొర ఎండిపోకుండా సరోజ రోజూ బిందెడు నీళ్లు పోసేది. జ్వరంలోనూ పోసింది. తర్వాత నేను పోస్తూ వచ్చాను.

సాయంత్రం ఇసుక తిరిగి తొట్టిలో నింపి, నీళ్లు పోశాను. తేటగానే దిగాయి. కానీ కొన్ని వారాలు కాచి తాగాలి. పొర మళ్లీ కడుతుంది. అది సరోజ పెంచినది కాదు.