అల్లుడి ఎడమ బూటు

అల్లుడు హేమంత్‌కుమార్‌కి హెబ్బగోడి నుంచి నీ మామ రాసేది. నీ ఎడమ బూటు తప్ప ఇక్కడ అందరమూ క్షేమం.

"కొండల్లో పరిగెత్తేదానికి జీరో డ్రాప్ బూట్లు కావాల మామా, మడమా వేళ్లూ ఒకే ఎత్తులో ఉండాల" అన్నావు కదప్పా. దానికి కొత్తవెందుకని, నువ్వు మా ఇంట్లో విడిచిపోయిన బూట్లకే మడమలు కోయడానికి కూర్చున్నాను. కుడిది సమంగా వచ్చింది. ఎడమది పట్టుకోగానే మీ అత్త, "ఏమయ్యా, అల్లుడి బూట్లని వంకాయ కోసినట్ల కోస్తా ఉండావే" అని కొడవలి లాక్కుంది. ఎడమ మడమ ఎత్తు అట్లే ఉండిపోయింది.

బూట్లు ఈ ఉత్తరంతోనే పంపిస్తున్నాను. ఆదివారం నందికొండ పందేనికి ఇవే తొడుక్కో. కుడికాలు కొండవైపు ఉండేలా చుట్టూ తిరుగుతూ ఎక్కు, సమంగా ఉంటావు. దిగేటప్పుడు మాత్రం అదే దారిలో వెనక్కి నడుస్తూ రా.