పక్క మంచం ముసలమ్మ

మే 1995, శుక్రవారం రాత్రి

అత్తమ్మను దవాఖాన నుంచి బాబుపేట్ ఇంటికి తెచ్చుకున్నం. ఆమె హాయిగ పండుకుంది. నాకే నిద్ర పడ్తలేదు.

పక్క మంచం ముసలమ్మే కండ్లల్ల మెదులుతుంది. రాజురా దిక్కు ఊరామె, తుంటి విరిగి కదలరాదు. ఊరోళ్లు చేర్పించి పోయిండ్రట, మళ్ల ఎవరూ రాలే. నీళ్లు నీళ్లు అని మొత్తుకుంటున్నా ఎవరూ చూడకపోతే, ఈ మరాఠోళ్ల నడుమ మన తెలుగామెనే కదా అని అత్తమ్మతో పాటు ఆమెకు గూడ నేనే నీళ్లు తాపిన, అన్నం తినిపించిన, చీర మార్చిన.

ఇయ్యాల వచ్చేటప్పుడు సిస్టర్‌తోని, "ముసలమ్మను జర చూసుకోండ్రి" అన్న. సిస్టర్ నా మొఖం చూసి మరాఠీల, "ఆమె మీ చుట్టం కాదా?" అనడిగింది. "ఇద్దరు తెలుగే మాట్లాడుకుంటుండ్రు, అన్నీ నువ్వే చేస్తున్నవు. ఇంటోళ్లున్నరు కదా అని మేం ఆ మంచం దిక్కే రాలే."

ఒళ్లు మండింది. ఇంటోళ్లుంటే మీరు చూడొద్దా అని అడగాల్సింది. బయట ఆటో అతను హారన్ కొడుతుండు, మా ఆయన తొందర పెడుతుండు. అడగకనే వచ్చిన.

నేను చెయ్యకపోతేనే బాగుండునా? అప్పుడన్న వాళ్లు చూసేటోళ్లేమో. కానీ పక్కనుండి, గంత దూప, నీళ్లు అంటుంటే ఎట్ల ఊకుంటం...

వచ్చేటప్పుడు, "మళ్లెప్పుడొస్తవు బిడ్డా?" అన్నది ముసలమ్మ. "పొద్దున వస్త" అన్న. పొద్దుగాల దాక ఎట్ల?

ఇందాక దవాఖాన నుంచి తెచ్చిన సంచి సదిరిన. ఆమెకు నీళ్లు తాపిన మా స్టీలు గిలాస అడుగున ఉంది. ఆమె కాడ ఇంకోటి లేదు.