వందకి పన్నెండు

ఇంటి యజమానురాలికి, ఆవిడ లేని ఇంట్లో కాపురం ఉంటున్నవాడు రాయునది. ఇక్కడ నేను, మన పెద్దాడు, కోడలు ముగ్గురం బాగానే ఉన్నాం. మీ అక్క కర్ర లేకుండా నడుస్తోందని రాశావు, సంతోషం. తుంటి విరిగింది గానీ నోరు విరగలేదు కాబట్టి వదిన తొందరగానే కోలుకుంటుందని నేను మొదటే అన్నాను.

నాకు రాత అంతంతమాత్రమని నీకు తెలుసు. అయినా ఈ ఉత్తరం కోడలి చేత రాయించలేదు. కొన్ని మాటలు ఇంకొకరి చేత రాయించేవి కావు. ఒత్తులు తప్పితే సర్దుకుని చదువుకో.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను. మెట్ల దగ్గర కుండీలకు నీళ్లు పోస్తున్నాను. ఒక మొక్క ఎండిపోయింది. అది నువ్వున్నప్పుడే పోయే దారిలో ఉంది, నా మీద వెయ్యకు. కోడలితో గొడవ పడుతున్నారా అని అడిగావు. ఒక్కసారే పడ్డాను. అది నెట్టు గురించి.

ఇక నీ ఉత్తరం ఆఖర్న నువ్వు రాసిన ముక్క. “అక్క నడుస్తోంది, ఇక వచ్చేయనా అని ఫోన్లో అడిగితే, అప్పుడే ఏం తొందర, ఉండు అన్నారు. నేను లేకపోతేనే మీకు హాయిగా ఉన్నట్టుంది. అక్క కూడా ఇక్కడే ఉండిపొమ్మంటోంది. అలాగే ఉండిపోతాను, ఫోన్ కూడా చెయ్యను” అని రాశావు. ఆ ముక్క నేనే కూడబలుక్కుని చదివాను. తప్పు చదివానేమోనని మళ్లీ చదివాను. తప్పు చదవలేదు.

నేను ఆ మాట అన్నది నిజమే. ఎందుకన్నానో చెప్పాలంటే ముందు నెట్టు సంగతి చెప్పాలి, ఓపిక పట్టు.

నువ్వు వెళ్లిన దగ్గర్నుంచీ వీడియో ఫోన్లో నీ మాట తెగిపోతోంది. నువ్వు ఫోన్ పట్టుకుంటే నీ నుదురు, పైన తిరిగే ఫ్యాను తప్ప ఏమీ కనబడవు. మాట చూస్తే ముక్కలు ముక్కలు. నెట్టు బాగాలేదని కోడలితో అన్నాను. “బాగానే ఉంది మామయ్యా, నేను రోజంతా దాని మీదేగా ఆఫీసు పని చేసుకుంటున్నాను” అంది. నేను ఊరుకుంటానా? బతుకంతా ఇనుము కోసే లేతు మిషను ముందు నిలబడ్డవాణ్ణి. కొలవకుండా బాగుందంటే ఒప్పుకునే రకం కాదు.

ఒకరోజు కోడలు కంప్యూటర్లోకి ఏదో పెద్ద ఫైలు దించుకుంటోంది. పక్కన అంకె కనబడుతోంది, పన్నెండు.

“మనకి ఇస్తామన్నదెంత?” అన్నాను.

“వంద మామయ్యా.”

“వస్తున్నదెంత?”

“అది వేరే లెక్క మామయ్యా...”

“వేరే లెక్కేంటమ్మా? వంద అని చెప్పి పన్నెండిస్తే మా లేతు షాపులో దాన్ని దొంగతనం అంటారు!”

అని చెప్పులేసుకుని నెట్టు ఆఫీసుకి వెళ్లి బల్ల గుద్దాను. బల్ల వెనకాల అమ్మాయి మంచినీళ్లిచ్చింది. తాగి మళ్లీ గుద్దాను.

మర్నాడు వాళ్ల మనిషి వచ్చాడు. పొట్ట మీద బెల్టు నిలవని మనిషి, మెట్లెక్కేసరికి రొప్పుతున్నాడు. వస్తూనే, “ఇంట్లో ఫోన్లన్నీ నెట్టు నుంచి తీసేయండి పెద్దాయనా, టీవీ కూడా. అందరూ పట్టుకుంటుంటే కుళాయి ధార ఎంతో తెలీదు” అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. బీరువా వెనకున్న నెట్టు పెట్టెకీ తన కంప్యూటరుకీ నేరుగా తీగ తగిలించి పరీక్ష పెట్టాడు. తెర మీద ముల్లు లేచి తొంభై నాలుగు దగ్గర నిలబడింది. మళ్లీ పెట్టమన్నాను. తొంభై అయిదు.

“మరి మా కోడలి దాంట్లో పన్నెండేమిటయ్యా?”

“అది బైట్లలో చూపించింది. మేం ఇచ్చేది బిట్లలో. ఎనిమిది బిట్లయితే ఒక బైటు. పన్నెండుని ఎనిమిదితో హెచ్చవేయండి.”

హెచ్చవేశాను. అక్షరాలు అంతంతమాత్రమే అయినా అంకెలు నాకొకడు నేర్పక్కర్లేదు. తొంభై ఆరు. అంటే అంగుళాల స్కేలు పట్టుకుని సెంటీమీటర్లు తగ్గాయని బల్ల గుద్దొచ్చానన్నమాట. షాపులో ఇంకొకడు ఆ పని చేసి ఉంటే ఆ పూటే బయటికి పంపేవాణ్ణి.

అయినా వదల్లేదు. “ఇక్కడ కొలిస్తే ఏం లాభం? నేను మాట్లాడేది వెనక గదిలో” అన్నాను. తీగ పీకేసి, నా మంచం మీద కూర్చుని పరీక్ష పెట్టాడు. ఇరవై రెండు!

“చూశావా!” అని తొడ చరిచాను.

“మధ్యలో గోడలున్నాయి, ఇనప బీరువా ఉంది. తగ్గదా మరి? పెట్టె తీసి గోడ మీద బిగిస్తాను. కానీ పెద్దాయనా, బొమ్మ ఫోన్‌కి రెండు మూడుంటే చాలు. ఇరవై రెండులో మాట తెగదు.”

“తెగుతోందంటే నమ్మవేం?”

“అయితే నా ముందే తెగనివ్వండి, చూద్దాం.”

కోడల్ని వంటింట్లోకి పంపి అక్కణ్ణుంచి నాకు ఫోన్ చేయించాడు. ఏదో ఒకటి మాట్లాడమ్మా అంటే, ఆ పిల్ల ఎదురుగా కనబడ్డ సరుకుల పేర్లు చెప్పడం మొదలుపెట్టింది. నాకు “...ప్పు, ...ప్పు, ...ల్లి, ...ల్లి” అని వచ్చింది.

“అదిగో, తెగింది!” అని కేకేశాను.

ఆయన నా పక్కనే కూర్చున్నాడు. కాసేపు తన తీగ చుట్టుకుంటూ ఉండి, నా మొహం చూడకుండా, గట్టిగా, ఒక్కొక్కటే విడదీసి చెప్పాడు: “ఉప్పు. పప్పు. ఉల్లి. వెల్లుల్లి. నాకు అన్నీ వచ్చాయి పెద్దాయనా.”

“టీ తాగుతావా?” అన్నాను. ఏదో అన్నాడు. వద్దన్నాడనుకుని ఊరుకున్నాను. తాగుతానన్నాట్ట, కోడలు పట్టుకొచ్చింది.

ఇప్పుడు అసలు సంగతి రాస్తున్నాను. చెవుల సంగతి నాకు ఆ రోజే తెలిసింది కాదు. టీవీ గొణుగుతోందని దాన్ని తిట్టినప్పుడే తెలుసు. మాట తోక నాకు వినబడుతుంది, తల నేనే తగిలించుకుంటాను. నువ్వు ఎదురుగా ఉంటే సగం నీ మొహం చూసి, సగం నువ్వేమంటావో ముందే తెలిసి లాక్కొచ్చాను. ఫోన్లో నీ నుదురు చూసి ఏం తెలుస్తుంది? ఇనుము కోసే చప్పుడు విని పనిముట్టు మొద్దుబారిందని చెప్పేవాణ్ణి. అలాంటి చెవి పోయిందని ఏ మొహంతో చెప్పను? నెట్టుకైతే ఆఫీసుంది, వెళ్లి బల్ల గుద్దొచ్చు. చెవికి ఆఫీసెక్కడుంది?

ఆ రోజు నువ్వు “ఇక వచ్చేయనా” అన్నావు. నాకు అందింది “ఏయనా” ఒక్కటే. దానికి నేను తగిలించుకున్న తల వేరు. “ఇక పెట్టేయనా” అన్నావనుకున్నాను. ఇంకాసేపు మాట్లాడాలనిపించి, అప్పుడే ఏం తొందర, ఉండు అన్నాను. ఫోన్లో ఉండమన్నాను గానీ, అక్కడ ఉండమనలేదు. నువ్వు టక్కున పెట్టేశావు. కోపమొచ్చి పెట్టావని కూడా నాకు తెలీలేదు, నెట్టు పోయిందనుకున్నాను.

మీ అక్కచెల్లెళ్ల మాటల్లో నా ప్రస్తావన వస్తుందని తెలుసు. ఈ ఉత్తరం వదినకి కూడా చదివి వినిపించు. చెవిటి మరిదని నవ్వితే నవ్వనీ. నవ్వాక నిన్ను పంపిస్తే చాలు.

కోడలు చెవి డాక్టరు దగ్గర నా పేరు రాయించింది, వచ్చే నెల మొదట్లో రమ్మన్నారు. చెవిలో పెట్టుకునే మిషను ఇస్తారట. వెళ్తాను. ఒక్కటే ఇబ్బంది. ఎప్పట్నుంచి ఇలా ఉందని డాక్టరు అడుగుతాడు. నేనొక్కణ్ణే ఉంటే నిన్నట్నుంచి అంటాను. నువ్వు పక్కనుంటే నా అబద్ధం సాగదు.

ఫోన్ చెయ్యనన్నావు. చెయ్యి. నువ్వేమడుగుతావో నాకు వినబడకపోవచ్చు, అందుకని జవాబు ముందే ఖాయం చేసి పెట్టుకున్నాను. తిన్నారా అన్నా, పడుకున్నారా అన్నా, పెట్టేయనా అన్నా, నేను చెప్పేది ఒక్కటే. వచ్చేయ్.

ఇట్లు,
నీ మొగుడు