మూడొందల పద్దెనిమిది

శుక్రవారం, సాయంత్రం ఆరు, సైకిల్ షాపు

అక్కకు తమ్ముడు దణ్ణం పెట్టి రాస్తున్నది. ఇక్కడ అందరం బాగున్నాం, అక్కడ నువ్వూ బాగున్నావనుకుంటాను. ఉత్తరం ఇలాగే మొదలెట్టాలని నువ్వే నేర్పావు. "బాగున్నాం" దగ్గర కాసేపు ఆగిపోయాను. అయినా ఉంచేశాను.

ఫోను చేస్తే నాకు నోరు పెగలదని నీకు తెలుసుగా, అందుకే మెసేజీ. నువ్వు ఇల్లొదిలి హాస్టల్‌కి వెళ్లి మూడు నెలలయింది. షాపులో ఇప్పుడు వంకరపోయిన చక్రాలు సరిచేసే పని కూడా నాదే. మాటిమాటికీ చేతులు కడుక్కుంటున్నానని ఓనరుకి నవ్వు. సైకిళ్లు బాగుచేస్తున్నావా, ఆపరేషన్లు చేస్తున్నావా అంటాడు.

కోచ్ సారు మళ్లీ పరిగెత్తమంటున్నారు. నలభై రెండు కిలోమీటర్లు వద్దు, ముందు పది చాలంటున్నారు. ఏడో ఏటనించి షుగరుకి రోజూ సూదులు పొడుచుకునేవాడివి, ఒక్కసారి పడితే రోడ్డు నిన్ను వెలివేసిందా అన్నారు.

నిన్న ఐదు పరిగెత్తాను. నీ నోట్‌బుక్కు జేబులో పెట్టుకున్నాను. పొద్దున ఇన్సులిన్ సగం. అరగంటకోసారి గ్లూకోజు నీళ్లు నాలుగు గుక్కలు. పదో కిలోమీటరు దగ్గర సగం అరటిపండు, ఆకలి లేకపోయినా. అన్నీ నీ గుండ్రటి అక్షరాలే. ఇరవై ఐదు దగ్గర షుగరు 318 అని రాసుంది. ఆ తర్వాత అంతా ఖాళీ.

పరిగెడుతుంటే వెనకనించి నువ్వు అడుగుతున్నట్టే వినిపిస్తుంది అక్కా. రోజూ ఒకటే ప్రశ్న. ఆగి తిరిగి చూస్తే ఎవరూ ఉండరు.

శనివారం, మధ్యాహ్నం

నీలం టిక్కులు పడ్డాయి. చదివావు, నాకదే చాలు.

నీతో నర్సు ట్రైనింగులో ఉన్న పొడుగమ్మాయి పంక్చరు వేయించుకోడానికి వచ్చింది. సిరంజీ చేతికిస్తే పక్కన పెట్టేసేదానివంట కదా. ట్రైనింగు మానేసి బట్టల షాపులో మడతలు పెడుతున్నావంట. మీ పెద్ద నర్సు సోమవారం దాకా నీ సీటు ఉంచుతుందంట, తర్వాత ఇంకొకరికి ఇచ్చేస్తుందంట. ఆ అమ్మాయి మొహం చూడలేక టైరు వంకే చూస్తూ విన్నాను. పంక్చరు లేనిచోట ప్యాచీ వేశాను.

మారథాన్ రోజు ఇరవై ఐదో కిలోమీటరు దగ్గర నువ్వు నా సంచీ పట్టుకుని నిలబడ్డావు. నేను వేలు గుచ్చుకుని మీటరు నీకు చూపించాను. 318 చూసి నువ్వేం తొందరపడలేదు. ఇంట్లో అయితే నాలుగు యూనిట్లు, పరుగులో ఉన్నావు కాబట్టి రెండే అని ఇన్సులిన్ ఇచ్చావు. ముప్పై ఒకటి దగ్గరికొచ్చేసరికి నా కాళ్లు దూదైపోయాయి. కిలోమీటరు రాళ్లు నా పక్కనే నడుస్తున్నాయనిపించింది. ఆ తర్వాత ఏమీ తెలీదు. ఎవరిదో బండెక్కి వచ్చి నా బుగ్గ లోపల తేనె రుద్దావంట. నీ వేలు కొరికేశానంట. మచ్చ పోయిందా?

ఆసుపత్రిలో అమ్మ నీతో అన్నమాట నేను విన్నాను. "నీ అరకొర చదువు నా బిడ్డ మీదే చూపించాలా?" అంది. నేను నిద్రపోతున్నానని మీ ఇద్దరూ అనుకున్నారు.

ఆదివారం, పొద్దున పది

జవాబు రాయకపోయినా పర్లేదు, ఇదొక్కటీ చదువు. ఆ మీటరు పారేద్దామని రెండుసార్లు చెత్తబుట్ట దాకా తీసుకెళ్లి వెనక్కి తెచ్చాను. బటన్ నొక్కుతూ వెనక్కి వెళ్తే దాంట్లో ఇంకా ఉంది. 9:10కి 318. 9:56కి 34, ప్రాణం మీదికొచ్చేంత తక్కువ. ఆ రెండోది రోడ్డు మీద నువ్వు తీసింది. షాపులో చక్రం తిప్పుతుంటే చువ్వల మధ్యలోనూ ఆ 318 అంకెలే కనిపిస్తాయి.

రేపు వెళ్లక్కా. సిరంజీ పట్టుకో. నీ లెక్క తప్పలేదు. ఎందుకో కింద రాశాను. పైన రాయడానికి ధైర్యం చాల్లేదు.

ఉంటాను మరి,
నీ మూగోడు

తా.క. ఆ రోజు సూది ఇచ్చే ముందు నువ్వు నన్ను అడిగావు. "చెయ్యి కడిగావా మూగోడా?" అని. కడిగానన్నాను.

కడగలేదు.

నీళ్ల డ్రమ్ము దగ్గర నలుగురు అమ్మాయిలు నిలబడి నవ్వుకుంటున్నారు. వాళ్ల మధ్యలోకి వెళ్లలేకపోయాను. అంతకుముందు దారిలో పళ్లు పెట్టిన టేబుల్ దగ్గర నారింజ తొనలు తిన్నాను, రసం వేళ్లకి అలాగే ఉంది. నిక్కరుకి తుడిచేసుకుని ఆ వేలే గుచ్చాను. ఆ 318 నా రక్తంది కాదక్కా, నారింజది. ఆసుపత్రిలో తెలివొచ్చాక ఒక నర్సు తడి దూదితో నా వేలు తుడిచింది. ఎందుకని అడిగితే, పండు రసం అంటినా మీటరు మోసపోతుందంది. అప్పుడే తెలిసింది నాకు. అమ్మ నిన్ను తిట్టింది ఆ తర్వాతే. నేను కళ్లు మూసుకున్నాను.

నిన్న సాయంత్రం అదే మీటరుతో చూశాను. నారింజ ఒలిచి, కడగకుండా గుచ్చితే 297. వెంటనే సబ్బుతో కడిగి గుచ్చితే 121. రెండు ఫొటోలూ పంపాను. మీ పెద్ద నర్సుకి చూపించు.

అమ్మకి ఇందాకే చెప్పేశాను. స్టవ్ ఆపేసింది. తర్వాత నీ నంబరు అడిగింది, తన ఫోన్లోంచి తీసేసిందంట.

ఇచ్చాను. మోగితే ఎత్తక్కా.