ఎర్ర దారం కట్టిన ట్రేలు

ప్రియమైన పిచ్చుకకు,

కాలికి కట్టు ఇంకా మూడు వారాలు ఉంచాలన్నారు. ఆసుపత్రిలో తిండి ఫరవాలేదు. టమాటా నారు ఇక నీ చేతిలోనే ఉంది. నాటడానికి పది రోజుల ముందు ఎరువునీళ్ళు ఆపెయ్యి. ట్రేలు రోజూ కాసేపు బయట చలిలో పెట్టు, సమయం కొంచెం కొంచెంగా పెంచు. కాండం ఊదారంగుకి తిరుగుతుంది, కంగారుపడకు. పోయినేడు చలి అలవాటు చెయ్యడం ఆలస్యమై సగం నారు పొలంలో వాడిపోయింది. ఈసారీ అలాగైతే మన నారంతా కొనే రైతు, మీసాలాయన, ఇక మన దగ్గర కొనడు. ఆయన కొనకపోతే నర్సరీ మూసుకోవాల్సిందే.

ఉంటాను,
నాన్న

ప్రియమైన నాన్నా,

చలి సంగతి నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను. కానీ ఎరువు ఆపిన ఆరో రోజుకే కింది ఆకులు పాలిపోయాయి. చూడలేక సగం ట్రేలకి ఎరువునీళ్ళు పల్చగా పోశాను. వాటికి ఎర్ర దారం కట్టాను. దాచేద్దామనుకున్నాను గానీ, రోజూ నారు సంగతులు రాసే నీ నోటుబుక్కులో అబద్ధం రాయడానికి చేతులు రాలేదు. తిట్టు, కానీ త్వరగా తిట్టు. నాటడానికి నాలుగు రోజులే ఉన్నాయి.

నీ పిచ్చుక

పిచ్చుకకు,

ఎర్ర దారం ట్రేలు ఆయనకి ఇవ్వొద్దు. ఎరువు తిన్న నారు మెత్తగా ఉంటుంది, మొదటి చలిగాలికే పడుకుంటుంది. పారబొయ్యి.

నాన్న

నాన్నా,

నీ ఉత్తరం మధ్యాహ్నం అందింది. నారు లారీ పొద్దున్నే వెళ్ళిపోయింది, దారం ట్రేలతో సహా. పొలానికి పరుగెత్తాను. అప్పటికే నాటేశారు, ఖాళీ ట్రేలు సాళ్ళ చివర పడి ఉన్నాయి. మీసాలాయనకి నిజం చెప్పేశాను. వంగి ఖాళీ ట్రేల మీది ఎర్ర దారాలు చూశాడు. తర్వాత, "ఆ దారాలు ఏ సాలువి ఆ సాలు చివర పుల్లకి కట్టి వెళ్ళమ్మా. చచ్చినవి ఎవరి పుణ్యమో తెలియాలిగా" అన్నాడు. చలిగాలి మొదలైంది. వేళ్ళు కొంకర్లు పోతున్నాయి, ఇంక రాయలేను.

పిచ్చుక

ప్రియమైన నాన్నా,

పన్నెండు రోజులు రాయలేదు. ధైర్యం చాలలేదు.

మూడు రోజుల చలికి ఒక్క మొక్కా పోలేదు. రెండు రకాలూ నిలబడ్డాయి. చలి అలవాటు చెయ్యమన్న నీ మాట నిజమైంది. కానీ దారం కట్టిన సాళ్ళు వారానికే కొత్త ఆకు తొడిగాయి, ఇవాళ పూత కనిపించింది. మిగతావి నాటిన రోజు ఎలా ఉన్నాయో అలాగే, పసుపుగా, బిగుసుకుని ఉన్నాయి. మీసాలాయన నవ్వాడు. "నేనన్నానని మీ నాన్నకి చెప్పకు. వచ్చే ఏడు అన్నిటికీ దారం కట్టి పంపు."

కోపం పోయిందా?

నీ పిచ్చుక

ప్రియమైన పిచ్చుకకు,

కోపం నీ మీద కాదు. బీరువాలో అట్ట చిరిగిన పాత నోటుబుక్కు ఉంది. అందులో ఒకచోట నేను కొట్టేసిన వాక్యం ఉంటుంది. వెలుతురులో పెట్టి చదువు. "ఒక ట్రేలో పొరపాటున ఎరువు పడింది. అదే ముందు పూసింది." పదిహేడేళ్ళ కిందటి మాట. ఆకలేస్తోంది, ఏమైనా పంపమని నువ్వు హాస్టల్ నుంచి రాసిన వారం అది. గట్టిపడతావని నేనేమీ పంపలేదు. ఆ ట్రే నిజమైతే నేను చేసింది తప్పవుతుంది. అందుకని కొట్టేశాను.

ఈ ఏటి నోటుబుక్కు మొదటి పేజీలో "పది రోజుల ముందు ఎరువు ఆపాలి" అని ఉంది. దాన్ని కొట్టేసి, కింద నువ్వు చూసింది నీ చేత్తో రాయి.

ఏమైనా తిన్నాకే రాయి.

నాన్న