వంతెన దాటగానే కుడివైపు

జెలెంకా పల్లె, ఏప్రిల్ 1967

ప్రియమైన ఉస్తీన్యా వదినగారికి,

అత్తయ్య పక్షవాతం అలాగే ఉంది. కుడిచెయ్యి లేవదు గాని నోరు దివ్యంగా లేస్తోంది. బంగాళాదుంపలు ఉడకలేదని నిన్న గిన్నె తోసేసింది.

సిగ్గు విడిచి ఒక మాట అడుగుతున్నాను. ట్రాక్టరు నడిపే ఎఫీమ్ నన్ను పెళ్లి చేసుకుంటానంటున్నాడు. మా ఆయన, మీ తమ్ముడు లుక్యాన్ యుద్ధంలో జాడ లేకుండా పోయి ఇరవై ఏళ్లు దాటింది. మీరు అత్తయ్యను తీసుకెళ్తే నాకూ ఒక సంసారం ఉంటుంది. కాదనకండి.

మీ మరదలు,
గ్లఫీరా

మే 1967

నా బంగారు మరదలా,

నీ ఉత్తరం చదివి కళ్లు తుడుచుకున్నాను. జాడ తెలియకపోవడమంటే చావడం కాదే! మా క్యాంటీన్ వంటావిడ మొగుడు పన్నెండేళ్లకు తిరిగొచ్చాడు. ప్రతి ఆదివారం అమ్మ చర్చిలో బతికున్నవాళ్ల చీటీలో తమ్ముడి పేరు రాయించి ప్రార్థన చేయిస్తుంది. నీకు పెళ్లయితే ఆ పేరు పోయినవాళ్ల చీటీలోకి మారాలి. అమ్మ తట్టుకుంటుందా? నాదా ఒక్క గది, పైగా నాలుగో అంతస్తు. నువ్వు దేవతవని అందరితో చెబుతుంటాను.

ప్రేమతో,
ఉస్తీన్యా

నవంబర్ 1968

వదినగారికి,

ఎఫీమ్ ఏడాది ఎదురుచూసి, పాలకేంద్రంలో పనిచేసే లీదాను చేసుకున్నాడు. ఆ పెళ్లిలో వడ్డించింది నేనే.

అత్తయ్య మంగళవారం పోయింది. మీరొచ్చేదాకా మట్టి చేయకుండా ఆపుతాం. రండి.

గ్లఫీరా

(పోస్టుకార్డు)

ప్రియమైన గ్లఫీరా,

సెలవు దొరకలేదు. నా బదులు నువ్వే పిడికెడు మట్టి వెయ్యి. ఇక దాచి లాభం లేదు. కార్డు తిప్పి చూడు, మా ఊరి యుద్ధ స్మారకం. వంతెన దాటగానే కుడివైపు గోడ మీద తమ్ముడి పేరుంది. ఆ గోడకు పునాది తవ్వినప్పుడు వాడి ఎముకలు, పేరున్న బిళ్ళ దొరికాయి. నాలుగేళ్లయింది. ఇంట్లో నేనే చెబుతానని అధికారులతో అన్నాను. అమ్మకు చేసేవాళ్లు కావాలి కదా, అర్థం చేసుకుంటావు. ఎఫీమ్ కాకపోతే ఇంకొకడు, హాయిగా పెళ్లి చేసుకో. ఆ పూలు చూశావా, ఎంత ముచ్చటగా నాటారో!

ముద్దులతో, ఉస్తీన్యా

డిసెంబర్ 1968

ఉస్తీన్యా,

నీ కార్డు అత్తయ్యకు చదివి వినిపించాను. అవును, బతికే ఉంది. "నేను చచ్చానని రాయవే. ఐదేళ్లుగా గడప తొక్కనిది, శవాన్నైనా చూడ్డానికి వస్తుందేమో చూద్దాం" అని ఆవిడే రాయించింది. నువ్వు రాగానే మంచం మీంచే తిడదామని కొత్త శాలువా కప్పుకుని కూర్చుంది. నీ బదులు కార్డు వచ్చింది.

కార్డు మీది వంతెన బొమ్మను ఎడమచేతి వేలితో తడిమింది. తర్వాత, "నా బిడ్డ పేరు ఇన్నేళ్లూ తప్పుడు చీటీలో రాయించానే" అంది.

ఆదివారం పోయినవాళ్ల చీటీలో లుక్యాన్ పేరు రాశాను. "దాని కింద నా కూతురి పేరు కూడా రాయి" అంది. నేను ఒప్పుకోలేదు. "వదిన బతకాలి అత్తయ్యా. లేకపోతే మిమ్మల్ని ఎత్తి కూర్చోబెట్టేదెవరు?" అన్నాను. ఆవిడ నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. ఎఫీమ్ పెళ్లాం ఇప్పుడు కడుపుతో ఉంది. నిన్ను ఈ జన్మలో క్షమించను.

శుక్రవారం సాయంత్రం బండికి స్టేషనుకు రా. మోయడానికి ఇద్దరిని తెచ్చుకో. నాలుగో అంతస్తని అత్తయ్యకు ముందే చెప్పాను. "ఎక్కించాక మళ్లీ దిగనులే" అంది.

ఇంకో మాట. చచ్చారని తప్పుడు కబురు పుట్టినవాళ్లు చాలాకాలం బతుకుతారని మా ఊళ్లో అంటారు. అత్తయ్యకు ఆకలి కూడా బాగా వేస్తోంది.

ఇక నీకేమీ కాని,
గ్లఫీరా