ముప్పై ఒకటో కార్డు

ప్రియమైన అమ్మకి,

చేతులు ఎలా ఉన్నాయి? పోయినసారి వచ్చినప్పుడు వేళ్ళ మధ్య పగుళ్ళు చూశాను. నేనిచ్చిన మందు రాసుకోకుండా భద్రంగా అలమరలో దాచి ఉంటావు, నాకు తెలుసు.

మేం తయారుచేస్తున్న ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులో నా వంతుకి ఒకే ఒక్క ఇంగ్లీషు క్రియ వచ్చింది. రన్. వినగానే సంబరపడ్డాను, ‘పరిగెత్తడం’ అని రాసేసి చేతులు దులుపుకోవచ్చు కదా అని. ఇప్పటికి ఇరవై రెండు అర్థాలు తేలాయి, ఇంకా తవ్వుతూనే ఉన్నాను. మా ఆఫీసులో ఒక పద్ధతుంది. ఒక్కో అర్థానికి ఒక్కో కార్డు, దాని మీద ఒక ఉదాహరణ వాక్యం. అది ఊహించి రాయకూడదు, నిజమై ఉండాలి. కార్డు వెనక చిరునామా రాస్తే, సరిచూసే గుమాస్తా అక్కడికి ఉత్తరం రాసి కనుక్కుంటాడు. మా సంపాదకుడికి, అదే మా పెద్దాయనకి, ఈ పద్ధతంటే ప్రాణం.

లాండ్రీలో రోజంతా ఇంగ్లీషు చీటీల మధ్యే తిరుగుతావు కదా. ఈ మాట నీకు ఎక్కడెక్కడ తగిలిందో రాయవూ?

నీ పిడుగు


ప్రియమైన పిడుగుకి,

మందు రాసుకుంటున్నాను. రోజూ కాదులే.

నువ్వడిగిన మాట మా దగ్గర బోలెడంత దొరుకుతుంది. యంత్రం తిరుగుతోందనడానికి అదే మాట, దాని మూత మీదే రాసి ఉంది. కొత్త తెరల చీటీ మీద రంగు దిగుతుంది జాగ్రత్త అనడానికీ అదే. హోటల్లో పనిచేసే పిల్ల మేజోడు పోగు లేచి మడమ దాకా చీలిపోతే అదే మాటన్నది. ఆస్పత్రి పెద్ద నర్సు ముక్కు కారుతోందని చెప్పడానికి కూడా అదే. మనకైతే ముక్కు కారుతుంది, రంగు దిగుతుంది, కొట్టు నడుస్తుంది. వాళ్ళకి అన్నీ పరిగెత్తడమే! కాసేపు కూర్చోండర్రా అని చెప్పేవాళ్ళు లేరేమో పాపం.

రంగంటే గుర్తొచ్చింది. కొత్త బట్ట ఏదొచ్చినా దాని మూల వేడినీళ్ళలో ముంచి, తెల్లగుడ్డ మీద నొక్కి చూశాకే యంత్రంలో వేస్తాను. ఈ పని నాకెవరూ నేర్పలేదు. ఇదీ రాసుకో, నీకేమైనా పనికొస్తుందేమో.

ఇంకొక కబురు. వచ్చే నెల నుంచి మీ బాబాయి కొట్టు వాళ్ళ అల్లుడి చేతికి అప్పగిస్తాడట. నన్ను ఇంట్లో హాయిగా కూర్చోమన్నాడు. మీ నాన్న పోయినప్పుడు బోర్డూ లైసెన్సూ మీ బాబాయి పేరు మీదే రాయించారు కదా, ఇప్పుడు మనమేమనగలం? నువ్వు ఆయనకేమీ రాయకు.

మీ అమ్మ


ప్రియమైన అమ్మకి,

రాయకన్నావు, రాయలేదు. కార్డు మాత్రం రాశాను. ముప్పై ఒకటో కార్డు, ఒక కొట్టునో సంస్థనో నడపడం అనే అర్థానికి. వాక్యం: ‘మా అమ్మ లాండ్రీ నడుపుతుంది.’ వెనక మన కొట్టు చిరునామా ఇచ్చాను. గుమాస్తా పద్ధతి ప్రకారం అక్కడికి ఉత్తరం రాశాడు. కొట్టుకొచ్చే ఉత్తరాలు విప్పేది బాబాయని నాకు తట్టనే లేదు, నా బుద్ధి గడ్డి తిన్నది. ఆయన జవాబుకి నకలు పెడుతున్నాను. చదువు. ‘లాండ్రీ నడిపేది నేను. మా వదిన సాయం చేస్తూ ఉంటుంది.’

సాయమా? పందొమ్మిదేళ్ళమ్మా! పొద్దున్నే బాయిలర్ వెలిగించేది నువ్వు. ఏ మూట ఎవరిదో దారం రంగు చూసి చెప్పేది నువ్వు. ఆయన పదకొండింటికి వచ్చి, కౌంటరు దగ్గర పేపరు ముందునుంచి వెనక్కీ వెనకనుంచి ముందుకీ చదివి వెళ్తాడు. నా ఒళ్ళు మండిపోతోంది.

పెద్దాయన ‘మా అమ్మ’ కొట్టేసి, పైన ఎర్రసిరాతో ‘మా బాబాయి’ అని రాసి సంతకం పెట్టమన్నాడు. పెట్టనన్నాను.

“ఒక్క మాట మారిస్తే ఏం పోతుందమ్మాయ్?” అన్నాడు.

“ఏమీ పోనప్పుడు మార్చడమెందుకండీ?” అన్నాను.

గది గదంతా తలలు వంచుకుని కార్డులు సర్దుకుంది. నెలాఖరుకి పుస్తకం అచ్చుకి వెళ్తుంది. ఈలోగా రుజువైనా తేవాలి, సంతకమైనా పెట్టాలి. లేకపోతే ఆ క్రియని నా చేతిలోంచి తీసేస్తారు, ఆ తర్వాత నన్నూ తీసేస్తారు. తీసేయనీ. నిన్ను నా చేత్తో నేను కొట్టేయను.

నీ పిడుగు


ప్రియమైన మొండిఘటానికి,

నకలు చదివాను. మళ్ళీ చదివాను. మడిచి సబ్బుల డబ్బా కింద పెట్టాను.

సంతకం పెట్టెయ్యమ్మా. పుస్తకంలో ఒక్క ముక్క కోసం ఉద్యోగం పోగొట్టుకుంటారా ఎవరైనా? ఎవరు నడుపుతున్నారో యంత్రాలకి తెలుసు, అది చాలు.

ఒంట్లో నలతగా ఉంది. ఈ వారం పనికి వెళ్ళడం లేదు. కంగారుపడి బయల్దేరకు.

మీ అమ్మ


ప్రియమైన అమ్మకి,

నువ్వు పనికి వెళ్ళకపోవడమేమిటి? ఒళ్ళు కాలిపోతున్నప్పుడు కూడా దుప్పట్లు మడిచావు. తొమ్మిది రోజులైంది, నీ దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు. డాక్టరేమన్నాడో దాచకుండా రాయి.

సంతకం పెట్టలేదు. నిన్న నా బల్ల ఇంకొకరికిచ్చారు. కార్డుల డబ్బా మాత్రం నేనివ్వలేదు, ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్క స్టూలు మీద కూర్చున్నాను. పెద్దాయన అటూ ఇటూ పచార్లు చేస్తున్నాడు, నేను కదల్లేదు. ఇంకా నాలుగు రోజులుంది. శనివారంలోగా నీ ఉత్తరం రాకపోతే డబ్బాతో సహా వచ్చి నీ మంచం పక్కన కూర్చుంటాను.

నీ పిడుగు


ప్రియమైన నా పిడుగుకి,

రాకు. స్టూలు మీద నుంచి లేవకు.

నాకే జబ్బూ లేదు, అబద్ధమాడాను. ఆ నకలు చదివాక మూడు రోజులు అన్నం సయించలేదు. నాలుగో రోజున అనుకున్నాను, నేను సాయం చేసేదాన్నే కదా, సాయం చేసేవాళ్ళు ఒక వారం రాకపోతే నడిపేవాళ్ళకేం ఇబ్బంది ఉంటుంది అని. తలుపేసుకుని ఇంట్లో కూర్చున్నాను. నిన్ను సంతకం పెట్టమన్నది కూడా అందుకే. దెబ్బలాట నాది, నీ ఉద్యోగం పణంగా పెట్టడం నాకిష్టం లేదు. నువ్వు వింటేగా!

మొదటి రెండు రోజులూ మూటలు తారుమారయ్యాయట. ఆస్పత్రికి హోటల్ తువ్వాళ్ళు, హోటల్‌కి రోగుల చొక్కాలు. మూడో రోజు హోటల్ వాళ్ళ కొత్త ఎర్ర తెరలొచ్చాయి. మూల ముంచి చూడాలని మీ బాబాయికేం తెలుసు? తొంభై తెల్ల దుప్పట్లతో కలిపి వేడినీళ్ళలో వేసేశాడు. అన్నీ గులాబీ రంగు! అవి చూసి, పని చూసుకోవడానికి ముందే వచ్చి ఉన్న అల్లుడు ఆ సాయంత్రమే వాళ్ళ ఊరికి చెక్కేశాడు. హోటల్ మేనేజరు కౌంటరు దగ్గరికొచ్చి నడిపేవాళ్ళని పిలవమన్నాడట. నేనేనని మీ బాబాయి లేచి నిలబడితే, “మిమ్మల్ని కాదండీ, ఆవిడని” అన్నాడట.

మీ బాబాయి గులాబీ దుప్పటి పట్టుకుని మన గుమ్మంలోకి వచ్చాడు. పందొమ్మిదేళ్ళలో మొదటిసారి నన్ను మీరన్నాడు.

“వదినా, మీరు రావాలి” అన్నాడు.

“సాయానికా?” అన్నాను.

ఆ దుప్పటిని మడతలు పెట్టడం మొదలుపెట్టాడు. నేను తొందరపెట్టలేదు, ఈ వారం నాకు బోలెడు తీరిక. చివరికి లైసెన్సు నా పేరుకి మార్చమని ఇద్దరం వెళ్ళి దరఖాస్తు ఇచ్చాం, రసీదు నా దగ్గరే ఉంది. బోర్డు మీద రంగు ఆరుతోంది. అల్లుడు తిరిగొస్తే రావచ్చు, మేజోళ్ళు జతచెయ్యడంతో మొదలుపెడతాడు. వారం రోజులు చేతులు నీళ్ళలో పెట్టకపోయేసరికి నా పగుళ్ళు కూడా మానాయి.

దీంతో రెండు పంపుతున్నాను. ఒకటి మీ గుమాస్తాకి మీ బాబాయి స్వహస్తాలతో రాసిన ఉత్తరం, ‘లాండ్రీ నడిపేది మా వదిన’ అని. నేను చెప్పి రాయించలేదు, ఎదురుగా కూర్చున్నానంతే. రెండోది ఆ దుప్పటి ముక్క. కార్డుకి గుచ్చు. ఎర్రసిరా కొట్టేసి మళ్ళీ ‘మా అమ్మ’ అని రాయి, కాస్త పెద్ద అక్షరాలతో.

అప్పటికీ మీ పెద్దాయన ఒప్పుకోకపోతే, ఆయన తెల్లచొక్కాలన్నీ మన లాండ్రీకి పంపమను. ఆ వారం నేను సెలవు పెడతాను.

లాండ్రీ నడుపుతున్న
మీ అమ్మ